పందొమ్మిదిసార్లు మరిచిన మాట

తబెర్నాస్ ఊళ్ళో ఒక వయసు దాటినవాళ్ళందరూ కనీసం రెండుసార్లు చచ్చినవాళ్ళే. పొద్దున బందిపోటుగా చచ్చి, భోజనాలయ్యాక టోపీ మార్చుకుని సైనికుడిగా చచ్చి, సాయంత్రానికి ఇంటికొచ్చి మేకలకి నీళ్ళు పెట్టుకునేవాళ్ళు. సినిమావాళ్ళు ఊరొదిలి వెళ్ళిపోయాక వీళ్ళంతా కలిసి ఒక సంఘం పెట్టుకుని, దానికి ‘గుర్రం మీంచి పడ్డవాళ్ళ సంఘం’ అని పేరు పెట్టారు. ప్రతి గురువారం మధ్యాహ్నం రెమెదియోస్ బార్లో చేరతారు. డామినోలు ఆడతామనే చేరతారు గానీ, బల్ల దగ్గర ఆట కన్నా తగువే ఎక్కువ నడుస్తుంది. ఆ తగువు కూడా ముప్పై ఏళ్ళుగా ఒక్కటే. పొడుగాయన చేసిన కౌబాయ్ సినిమాల్లో ఏది గొప్పది?

పొడుగాయన అంటే లెస్ హాలొరన్. ఎక్కడో అమెరికా నుంచి వచ్చి, ఈ ఎండిపోయిన వాగుల్లో గుర్రమెక్కి పదకొండు సినిమాలు చేసి, లోకమంతా పేరు తెచ్చుకున్నవాడు. లోకం ఎలా పిలిచినా ఊరికి మాత్రం పొడుగాయనే. ఊళ్ళో ఆయన తల కొట్టుకోని గుమ్మం లేదు మరి.

ఆ గురువారం తగువుకి ఎన్నడూ లేని గడువు వచ్చిపడింది. పొడుగాయన కిందటి శీతాకాలం పోయాడు. ఆయన జ్ఞాపకంగా ఊరి సాంస్కృతిక భవనంలో ఒక సినిమా వేస్తామనీ, ఆ సినిమా పేరు రాసిన పింగాణీ పలక గోడకి పెడతామనీ మునిసిపాలిటీవాళ్ళు అన్నారు. ఏ సినిమా అన్నది సంఘమే తేల్చాలి, ఆ రోజే తేల్చాలి. ఆయన కూతురు అమెరికా నుంచి వచ్చి ముందు వరసలో కూర్చుంటుందట.

“ఇందులో ఆలోచించడానికేముంది? ‘ఉప్పుబావి’ వెయ్యండి,” అన్నాడు హినెస్. డెబ్భై రెండేళ్ళవాడు. గుర్రం మీంచి పడటంలో ఊళ్ళో అతన్ని మించినవాడు లేడు, మాట్లాడటంలోనూ లేడు. “అందులో నేను నాలుగుసార్లు చచ్చాను. ఒకసారైతే మేడమీంచి.”

“నువ్వు చస్తుంటే చూడ్డానికి అంత దూరం నుంచి వస్తోందా ఆ పిల్ల?” అన్నాడు టోర్కువాతో. బక్కపలచటి మనిషి, గుర్రాలు కాసేవాడు. “‘రాగి కంచె’ వెయ్యాలి. అందులో నా గుర్రం మొహం తెరనిండా చూపించారు.”

“ఆ గుర్రం నీకన్నా బాగా చేసిందిరా. అందుకే దాన్ని చూపించి నిన్ను కోసేశారు.”

“నిన్ను మాత్రం చూపించారేం? వెనక నుంచి చూపించారు. నీ పిర్రలకి అభిమానులున్నారు గాబోలు!”

“అబ్బబ్బ, ఆపండయ్యా,” అన్నారు దోన్ లియాంద్రో మేష్టారు. ఆయన ఉత్తరాది నుంచి బడి చెప్పడానికొచ్చి, ఇక్కడి అమ్మాయిని చేసుకుని ఉండిపోయినవాడు. జీవితంలో ఎక్కడి నుంచీ పడలేదు గనక సంఘంలో గౌరవ సభ్యుడు, రాతకోతలన్నీ ఆయనవే. “ఎవరెన్నిసార్లు చచ్చారన్నది లెక్కేసి సినిమా గొప్పదని తేలుస్తారా ఎవరైనా?”

“మరి దేన్నిబట్టి తేలుస్తారు మేష్టారూ?” అన్నాడు హినెస్, నిజంగానే అర్థం కాక.

వంటింటి కిటికీలోంచి కాసిల్దా ఇదంతా వింటోంది. బార్ కూతురు రెమెదియోస్‌ది, వంట తల్లిది. ఆ రోజు పొద్దుటి నుంచి వాన. వాన పడిందంటే ఆ ఊళ్ళో ఇంటింటా వెల్లుల్లి వేసి రవ్వ వేయించాల్సిందే, ఎవరు పెట్టిన నియమమో గానీ. అరవై ఏడేళ్ళ కాసిల్దా మూకుడు ముందు నిలబడి గంటసేపటి నుంచి గరిట తిప్పుతోంది. ఆవిడా సంఘంలో మనిషే. పద్నాలుగు సినిమాల్లో కనిపించింది. పదకొండింటిలో కేకలు పెడుతూ వీధికి అడ్డంగా పరిగెత్తింది.

“గొప్పది ఏదన్నా గానీండి,” అన్నాడు హినెస్ గ్లాసు ఎత్తి. “చెత్తది ఏదో మాత్రం చిన్నపిల్లాణ్ణడిగినా చెప్తాడు.”

“‘వితంతువు విందు’!” అని బల్ల బల్లంతా ఒక్కసారే అరిచి, పగలబడి నవ్వింది.

హినెస్ లేచి నిలబడి పొడుగాయన భోజనం సీను మొదలుపెట్టాడు. ఆ సీను ఊళ్ళో అందరికీ కంఠతా వచ్చు. పొడుగాయన వితంతువు ఇంట్లో విందుకి కూర్చుని, ఈ బల్ల దగ్గర నేనుండగా ఎవరికీ అన్యాయం జరగదు అనాలి. అనలేక నీళ్ళు నములుతాడు. మొహం కందగడ్డలా అయిపోతుంది. “ఈ బల్ల... ఈ బల్ల దగ్గర... అమ్మా, ఈ బల్ల...” అంటూ హినెస్ గుడ్లు తేలేస్తుంటే టోర్కువాతోకి నవ్వుతో పొలమారింది.

మేష్టారు కూడా కళ్ళజోడు సర్దుకుని నోట్‌బుక్ తీశారు. “ఆ సీనులో తప్పులు నేను రాసి పెట్టానయ్యా. మేకతొడ ముందు నిండుగా ఉంటుంది, తర్వాత సగం, మళ్ళీ నిండుగా. రొట్టె ఒకటి మాయమై మళ్ళీ వస్తుంది. ఆ రోజు తాగి వచ్చాడని అప్పట్లో పేపర్లో రాశారు. ఆ సినిమా తర్వాత పెద్ద కంపెనీలవాళ్ళు ఆయన్ని రెండేళ్ళు పిలవలేదు.”

“అయితే ఇలా చేద్దాం,” అన్నాడు హినెస్. “అసలు సినిమాకి ముందు ఆ ముక్క ఒక్కటీ వేద్దాం. కాసేపు నవ్వుకుంటారు జనం. కూతురూ నవ్వుకుంటుంది, మా నాన్న ఎంత తాగాడో చూడమని.”

సరే అంటే సరే అన్నారు. మేష్టారు రాసుకున్నారు కూడా.

కాసిల్దా చేతిలో గరిట ఆగిపోయింది. ఆ మనిషి కూతుర్ని ముందు వరసలో కూర్చోబెట్టి, ఆవిడ వెనక ఊరు ఊరంతా ఆ మనిషిని చూసి నవ్వుతుంది. ఇన్నేళ్ళూ బార్లో నవ్వారు, తనూ నవ్వింది. అందరికన్నా కాస్త గట్టిగానే నవ్వింది, ఎవరికీ అనుమానం రాకూడదని. ఇప్పుడు నవ్వడానికి నోరు రాలేదు.

అది అరవై ఆరో సంవత్సరం, మార్చి నెల. తెల్లారకముందే చావడిలో జనం నిలబడేవారు. మేస్త్రీ వచ్చి వేలు చూపించినవాళ్ళే బండెక్కాలి. వేలు చూపించనివాళ్ళు ఇంటికి వెళ్ళి ఏం చెప్పాలో ఆలోచించుకోవాలి. కాసిల్దా మొగుడు గనిలో దుమ్ము మింగి ఊపిరితిత్తులు పాడుచేసుకుని మంచం మీదున్నాడు. నాలుగేళ్ళ రెమెదియోస్‌కి మూడు వారాలుగా జ్వరం. పిల్ల ఎముకల గూడయిపోయింది. డాక్టరు చూసి, ఈ పిల్లకి కావలసింది మందు కాదమ్మా, మాంసం, అని తలొంచుకుని వెళ్ళిపోయాడు.

సెట్ మీద తిండికి కొదవుండేది కాదు. కానీ సినిమావాళ్ళదో పద్ధతి. బల్లమీద విందు పరిచాక, జూనియర్ ఆర్టిస్టులు చెయ్యి పెట్టకుండా దానిమీద కిరసనాయిలు చల్లేవాళ్ళు. ఆకలిగా ఉన్నవాళ్ళ ముందు కాల్చిన కోడి, దాని మీద దీపపు కంపు. ఆ రోజు మాత్రం చల్లలేదు, పొడుగాయన నిజంగా తినాలి గనక. కాల్చిన మేకపిల్లలు రెండు, వేడి రొట్టెలు. ఇరవై మంది జూనియర్ ఆర్టిస్టులు బల్ల చుట్టూ కూర్చుని తింటున్నట్టు దవడలు ఆడించాలి, మింగకూడదు. కాసిల్దా పనిమనిషి వేషంలో సరిగ్గా పొడుగాయన కుర్చీ వెనక నిలబడింది.

మొదటి టేక్‌లోనే ఆవిడ చెయ్యి తన మాట వినలేదు. వంగి గ్లాసు నింపుతూ ఒక ముక్క తీసి ఏప్రన్ జేబులో వేసుకుంది. తలెత్తేసరికి పొడుగాయన తననే చూస్తున్నాడు. ఆయన ఒక్క మాటంటే చాలు, మేస్త్రీ వేలు జన్మలో ఇక ఆవిడ వైపు తిరగదు.

ఆయన చూపు తిప్పుకున్నాడు. తన మాట మొదలుపెట్టాడు, మధ్యలో ఆపేశాడు. మర్చిపోయాను, క్షమించండి అన్నట్టు చెయ్యెత్తాడు. సీను మళ్ళీ మొదటి నుంచి తియ్యాలంటే బల్ల మళ్ళీ మొదటిలా ఉండాలి గదా. వంటవాడు పళ్ళేలన్నీ తీసి కొత్త మాంసం పెట్టాడు. రెండోసారీ మర్చిపోయాడు. మూడోసారీ అంతే. నాలుగోసారి మోచేత్తో పళ్ళెం నెమ్మదిగా ఆవిడ వైపు జరిపాడు. పందొమ్మిది టేకులు అయ్యాయి. డైరెక్టర్ టోపీ నేలకేసి కొట్టి, వందమంది ఎదుట నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాడు. పొడుగాయన బడిలో దెబ్బలు తినే కుర్రాడిలా తలొంచుకుని కూర్చున్నాడు. చివరికి అన్ని టేకుల్లోంచీ తక్కువ చెత్తగా ఉన్న ముక్కలు ఏరి, అతికి సినిమాలో ఉంచారు. ఆయన పక్కనే నిలబడ్డ కాసిల్దాకి ఆ రోజంతా సారా వాసన చుక్కంత కూడా రాలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో పొయ్యి మీద పులుసు కాగింది. కంపెనీవాళ్ళు పంచారని మొగుడికి చెప్పింది. పిల్ల పదిరోజుల్లో లేచి తిరిగింది. ఎత్తుకొచ్చానని చెబితే మొగుడు తలెత్తుకోలేడు. పెద్దయ్యాక కూతురికీ చెప్పలేదు. తిండి లేక నువ్వు పోబోయావు తల్లీ అని బిడ్డకి ఏ తల్లి చెబుతుంది?

కాసిల్దా పొయ్యి కట్టేసి, గరిట చేత్తో పట్టుకునే బయటికొచ్చింది.

“ఆ ముక్క వెయ్యడానికి వీల్లేదు,” అంది.

“ఏమే, రవ్వ మాడిందా? అంత కోపంగా ఉన్నావు,” అన్నాడు హినెస్.

“నోర్ముయ్యి హినెస్. ఆయన తాగలేదు. మర్చిపోనూ లేదు. నేను మాంసం ఎత్తుకుంటుంటే చూశాడు. నా కోసం అన్నిసార్లూ మర్చిపోయాడు, పళ్ళెం మళ్ళీ మళ్ళీ నిండాలని. నేను దొంగతనం చేశాను, తిట్లు ఆయన తిన్నాడు. ఇన్నేళ్ళు మీతో పాటు నవ్వాను. ఇంక నావల్ల కాదు.”

కౌంటర్ వెనక రెమెదియోస్ కాఫీ మిషన్ ఆపేసింది. “ఎవరి కోసం ఎత్తుకున్నావమ్మా?” అంది నెమ్మదిగా.

“ఇంటికి,” అంది కాసిల్దా. అంతకు మించి చెప్పలేదు.

అందరూ హినెస్ వైపు చూశారు, ఏదో ఒకటి అంటాడని. హినెస్ బల్లమీది డామినో బిళ్ళల్ని వేలితో అటూ ఇటూ తోస్తూ ఉండిపోయాడు. చివరికి అన్నాడు:

“నీ కోసం కాదు కాసిల్దా. నా కోసం.”

“ఏమిటి?”

“నేను బల్ల ఆ చివర కూర్చున్నాను గదా. మేకతొడ ఒకటి బూటులో దోపుకున్నాను. పొడుగాయన చూశాడు. కన్ను కూడా గీటాడు. తర్వాతే మర్చిపోవడం మొదలుపెట్టాడు. మా అమ్మకి పట్టుకెళ్ళాను.” అతని మెడ ఎర్రబడింది. “ఆ సీను అంటే గట్టిగా నవ్వేవాణ్ణి. ఎందుకు నవ్వేవాణ్ణో నీకు తెలుసుగా.”

“ఇద్దరూ బాగానే ఉన్నారు,” అన్నాడు టోర్కువాతో. “ఆయన చూసింది నన్ను! నా టోపీ కింద రొట్టె. టోపీ ఉబ్బి ఉందని తన టోపీ ముట్టుకుని సైగ చేశాడు. నేను సర్దుకునేదాకా మాట మర్చిపోయి కూర్చున్నాడు.”

“నీ రొట్టె కోసం పందొమ్మిది టేకులా?”

“నీ బూటు కోసమా మరి?”

“మొట్టమొదట చూసింది నన్ను!” అంది కాసిల్దా గరిట ఝళిపించి. ముప్పై ఏళ్ళ తగువు పక్కకి పోయి కొత్త తగువు మొదలైంది. ఆ తగువులోనే ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని, ముగ్గురూ మాట ఆపేశారు. ఎవరికి వారు అది తమ ఒక్కళ్ళ రహస్యమనుకున్నారు. ఒకే బల్ల చుట్టూ ఇన్నేళ్ళు కూర్చుని, ఒకే మనిషి ఉప్పు తిని, ఆ మనిషినే వెక్కిరించారు.

మేష్టారు నోట్‌బుక్ మూశారు. ఆయన మంచివాడే, కానీ మేష్టారు గదా, తప్పు దిద్దకుండా ఉండలేడు. “ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. ఆయన నిజంగానే మర్చిపోయి ఉండొచ్చు. మీకు భయం, ఆకలి. ఎవరికి వారికి అలా అనిపించి ఉండొచ్చు.”

ఆ మాట కాసిల్దా గుండెలో ముల్లులా దిగింది. కాదని నిరూపించడానికి ఆవిడ దగ్గర ఏముంది?

“అనిపించిందే అనుకోండి మేష్టారూ,” అంది. “తిన్నదైతే నిజమే గదా.”

మేష్టారు కాగితం చింపి అందరికీ పంచారు. చీటీలు వేశారు. అన్నింటిమీదా ఒక్క పేరే ఉంది, మేష్టారి చీటీతో సహా. తబెర్నాస్ ఊరు పొడుగాయన సినిమాలన్నింటిలోకీ గొప్పది ‘వితంతువు విందు’ అని తేల్చిందని తెలిసి, మునిసిపాలిటీ గుమాస్తా రెండుసార్లు ఫోన్ చేసి అడిగాడు.

మే నెలలో ఒక శనివారం సాయంత్రం ఆరింటికి సాంస్కృతిక భవనం నిండిపోయింది. కూతురు పేరు నోరా. నలభై దాటిన మనిషి, తండ్రి పొడుగే వచ్చింది, గుమ్మం దగ్గర అలవాటుగా తల వంచింది. ఇంగ్లీషు టూరిస్టులతో రోజూ మాట్లాడుతుంది గనక రెమెదియోస్‌నే ఆవిడ పక్కన కూర్చోబెట్టి మాటలు తర్జుమా చేసి చెప్పమన్నారు. ఏ సినిమా వేస్తున్నారో తెలిశాక నోరా మొహం వాడిపోవడం కాసిల్దా చూసింది. ఆ సీను మీద జనం నవ్వు ఆవిడ చిన్నప్పటి నుంచీ వింటూనే ఉండి ఉంటుంది.

అందుకే బొమ్మ వెయ్యకముందే కాసిల్దా వేదిక ఎక్కింది. మైకు పట్టుకోవడం రాక రెండు చేతులతో పట్టుకుంది.

“ఈ సినిమా చూసి నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను,” అంది. “ఆ రోజు ఆ బల్ల దగ్గర నేను మాంసం దొంగిలించాను. ఆయన చూశాడు, ఎవరికీ చెప్పలేదు. మళ్ళీ దొంగిలించడానికి వీలుగా తన మాట మర్చిపోయాడు. మేం ముగ్గురం ఒప్పుకుంటున్నాం. ఇప్పుడు నవ్వాలనుంటే మమ్మల్ని చూసి నవ్వండి.”

దీపాలు ఆర్పారు. భోజనం సీను వచ్చింది. పొడుగాయన మొహం కందింది, ఈ బల్ల దగ్గర అని తడబడ్డాడు. హాల్లో కుర్చీ కూడా చప్పుడు చెయ్యలేదు. అప్పుడు మూడో వరసలోంచి ఎనభై ఏళ్ళ ఫ్రస్కీతా, “నా శాలువాలో రెండు ముక్కలు,” అంది పైకే. “మా తమ్ముడికి.” వెనక నుంచి ఇంకో ముసలి గొంతు, “నాకు రొట్టె,” అంది. తలుపు దగ్గర ఎవరో చెయ్యెత్తారు, పోయిన వాళ్ళ నాన్న తరఫున. రెమెదియోస్ ఒక్కొక్కటీ నోరా చెవిలో చెబుతూ వచ్చింది.

సినిమా అయి దీపాలు వెలిగాక నోరా లేచి వచ్చి కాసిల్దా ముందు నిలబడింది. ఏదో చెప్పింది, నెమ్మదిగా, ఆగి ఆగి. రెమెదియోస్ విని, తర్జుమా చేసి చెప్పింది:

“వాళ్ళ నాన్న ఒక పేజీ ఒక్కసారి చదివితే చాలునట, మొత్తం వచ్చేసేదట. పోయే ముందు వారం కూడా పాత సినిమాల్లో తన మాటలే కాదు, పక్కవాళ్ళ మాటలు కూడా అప్పజెప్పాడట. ఈ సినిమా గురించి అడిగితే మాత్రం, ఆ రోజెందుకో మాటలు గుర్తు రాలేదమ్మా, అని నవ్వేవాడట. ఇంట్లో ఎవరికీ అర్థమయ్యేది కాదట.”

కాసిల్దా గుండెలోని ముల్లు అప్పుడు ఊడింది. మేష్టారి వైపు చూసింది గానీ, ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. తనే నోరా చేతులు రెండూ పట్టుకుంది. కృతజ్ఞత చెప్పడానికి ముప్పై ఏడేళ్ళుగా వెతుకుతున్న మాటలు అన్నీ పోయి, ఒక్కటే మిగిలింది.

“చెప్పవే రెమే. అప్పుడు మా ఇంట్లో నాలుగేళ్ళ పిల్ల జ్వరంతో చావబోతోందని చెప్పు. మాంసం పెడితే తప్ప బతకదన్నారని చెప్పు. వాళ్ళ నాన్న పెట్టిన తిండితో ఆ పిల్ల బతికిందని చెప్పు.”

రెమెదియోస్ నోరు తెరిచింది. తల్లి మొహంలోకి చూసింది. తనకి ఇంగ్లీషు మాట ఒక్కటీ నోటికి రాలేదు. నోరా ఎదురుచూస్తోంది. రెమెదియోస్ తన చెయ్యి ఎత్తి, గుండెల మీద పెట్టుకుని, అలాగే నిలబడింది.